గడపకు చెప్పిన మాట

1వ రోజు

ఇల్లు దొరికింది. దొరికింది అనడం తప్పు, సాధించాం. మా అప్ప (మా వైపు అక్కను అలాగే అంటాం) పైడమ్మ ఆరేళ్ళు జాబితాలో ఉంటే వచ్చిన ఇల్లు ఇది. కొత్తగట్టు ఊరు, ఒకటో అంచె, పన్నెండో ఇల్లు. కొండను తొమ్మిది అంచెలుగా కోసి కట్టిన ఈ ఊళ్ళో మెట్లెక్కే పని లేని ఇళ్ళు ఒకటో అంచెలోనే ఉన్నాయి. అవీ నలభయ్యే. ఓడరేవు మునిగిన రోజు క్రేను వచ్చి తన మీద పడి అప్ప ఎడమకాలు పోయింది. ఆ తరవాత మాకిచ్చిన ఇల్లు తొమ్మిదో అంచెలో. నాలుగు వందల పన్నెండు మెట్లు. చంకకర్రతో పొద్దున దిగేది, సాయంత్రం ఎక్కేది. ఆమె వెనక ఒక్కో మెట్టూ దిగుతూనే నేను అద్దెదారుల సంఘం కరపత్రాలన్నీ చదివేశాను. నా చదువంతా ఆ మెట్ల మీదే.

ఈ దినచర్య నా సొంతానికి కాదు. ఈ ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకునే ప్రతివాడికీ పనికొచ్చే సూచనలు రోజూ రాసుకుని, కరపత్రంగా వేస్తాను. గృహమండలి వాళ్ళు మన తెలియనితనం మీదే బతుకుతున్నారు. ఇక బతకనివ్వను.

కాబట్టి రాసుకోండి. సామాను దించకముందే గోడలు చూడండి. మన గోడలు గాలిలో తేమను పట్టి నీరు కారుస్తాయి కదా, వంటింటి గోడకు తెల్లవారేసరికి రెండు బిందెలు నిండాలి. మాటలు నమ్మకుండా బిందె పెట్టి చూడండి. ముందునుంచీ ఉన్న పగుళ్ళకు ఫొటోలు తీసి తేదీ వేయండి, లేకపోతే రేపు అవి మీరే చేశారంటారు. ప్రతి తలుపూ మూడుసార్లు వేసి తీయండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒప్పందం మొత్తం చదవండి. చదవకుండా వేలిముద్ర వేసేవాడు తన మెడకు తానే తాడు పేనుకుంటున్నాడు.

నేను చదివాను. అరవై రెండు పేజీలు. పదకొండో అధ్యాయం ఒక్కటే వదిలేశాను. దాని పేరు 'ఆచార మర్యాదలు'. పసుపు రాయడం, ముగ్గు వేయడం లాంటి చాదస్తం ఉంటుంది. మూఢత్వానికి నా కళ్ళు అరువివ్వను.

అప్ప మాత్రం దిగీదిగగానే పొయ్యి మీద పాలు పెట్టింది.

"అద్దె ఇల్లప్పా. ఎంత పొంగినా మనదవదు" అన్నాను.

"అందుకే పొంగించాల. మనదైతే పొంగకపోయినా పర్లేదు" అంది.

ఇలాంటి వాదనకు ఏ కరపత్రంలోనూ జవాబు లేదు.

3వ రోజు

గడప గురించి రాయాలి. తొమ్మిదో అంచె పాత ఇళ్ళకు ఇది లేదు. కింది అంచెల్లో ప్రతి ఇంటికీ ఉంది. గుమ్మం కింద బెత్తెడు వెడల్పున్న నల్లపట్టీ. చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ అదే ఇంటి చెవి, ఇంటి నోరు, మండలి వారి కన్ను. ఎవరొచ్చారు, ఎవరు వెళ్ళారు, ఏమన్నారు, అన్నీ దానికెక్కుతాయి. గడపకు చెప్పిన మాట కాగితం మీద రాసిన మాటతో సమానమని ఒప్పందంలో తొమ్మిదో పేజీలోనే ఉంది. (చూశారా, చదవడం వల్ల లాభం.)

దాన్ని చేసినవాళ్ళు మర్యాదస్తులు. అప్ప పొద్దున్నే, ఎండ తగలకుండా వీధుల మీద కట్టే నీడగుడ్డలు కుట్టే షెడ్డుకు బయల్దేరుతూ "ఎల్లొస్తాను" అంటుంది. గడప "ఊఁ" అంటుంది. వచ్చాక "వచ్చారా? మంచినీళ్ళు తాగండి" అంటుంది. ఇంత తియ్యగా మాట్లాడే యజమానిని ఎప్పుడూ నమ్మకూడదు.

పక్కింటి నూకాలు మామ్మ శుక్రవారం శుక్రవారం తన గడపకు మందంగా పసుపు పట్టిస్తుంది. పసుపు మీద పసుపు పేరుకుని వేలెడు మందాన గట్టిపడింది.

"మామ్మా, అది యంత్రం. పసుపు పూస్తే దానికి వినపడదు" అన్నాను.

"ఇనపడకపోతే ఏటి బావూ, నానేటన్నా ఊఁ అనీసి ఊరుకుంటాది. మా ముసిలోడూ అంతే, నలభయ్యేళ్ళు కాపరం సేసినాను."

మూఢత్వం మనిషిని ఎంత హాయిగా ఉంచుతుందో చూసి నాకు ఒళ్ళు మండింది.

9వ రోజు

ఈ రోజు ఒక నిర్ణయం తీసుకున్నాను. చరిత్రకెక్కదగింది.

నిన్న బయటికి వెళ్తుంటే అలవాటుగా నా నోటికీ ఆ మాటే వచ్చింది, వెళ్ళొస్తానని. వచ్చాక ఆలోచించాను. నేను ఎవరికి చెబుతున్నాను? యంత్రానికి. ఏమని? తిరిగొస్తానని. ఎందుకు చెప్పాలి? వస్తే వస్తాను, లేకపోతే లేదు, అది నా ఇష్టం. ఖైదీలు కదా జైలరుకు మాటిచ్చి వెళ్ళాల్సింది!

ఈ పొద్దున అప్పతో అదే అన్నాను. "ఇక నుంచి నేను ఎల్తన్నాననే అంటాను."

"ఓలమ్మో, ఆ మాట అనకూడదురా తవిటీ. ఎల్తాననేది ఇంక రానోళ్ళు అనే మాట."

"మరి ఓడరేవు మునిగిన రోజు ఎంతమంది ఎల్లొస్తామని ఎల్లినారు? ఎంతమంది వచ్చినారు? అంతా అబద్ధం కాదేటి?"

అప్ప కర్ర సర్దుకుని వంటింట్లోకి వెళ్ళింది. వాదనలో నేనే గెలిచాను.

గుమ్మం దగ్గర నిలబడి, గుండె నిండా ఊపిరి తీసుకుని, "ఎల్తన్నాను" అన్నాను.

గడప రోజూలా ఊఁ అనలేదు. ఒక్క క్షణం ఆగి "మంచిదండీ" అంది.

మంచిదండీ! స్వతంత్రంగా మాట్లాడే అద్దెదారు ఎదురయ్యేసరికి దాని గొంతే మారిపోయింది. సాయంత్రమే కరపత్రం రాసేశాను. పేరు 'తలుపుకు అబద్ధం చెప్పకండి'. ఇంతకుముందు రాసుకున్న సూచనలన్నీ వెనక్కి నెట్టి దీన్ని ఒకటో సూచన చేశాను. సంఘం అచ్చుయంత్రం మీద రెండు వందల ప్రతులు తీశాను.

12వ రోజు

అంచె అంతా పంచాను. ఈ చివరి ఇల్లు మొదలుకొని ఆ చివరి దాకా. నలభై ఇళ్ళలో ముప్పై ఒక్క ఇళ్ళు ఒకటో సూచనను ఆచరణలో పెట్టాయి. పొద్దున్నే ఎండ ముదరకముందు అందరూ పనులకు బయల్దేరుతుంటే వరసగా ప్రతి గుమ్మంలోంచీ "ఎల్తన్నాం, ఎల్తన్నాం" అని వినిపించింది. నా కళ్ళు చెమర్చాయి.

ఇంకో విజయం కూడా రాయాలి. వంటింటి గోడ మీద పగులు గురించి మొదటిరోజే ఫిర్యాదు రాసిచ్చాను. నోటితో చెప్పిన ఫిర్యాదు గాలికి పోతుంది, రాసివ్వండి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. దాని ఫలితమే కాబోలు, ఈ రోజు గడప తనంతట తానే అడిగింది.

"వంటింటి గోడకు సున్నం వేయిస్తున్నామండీ. తెలుపు బావుంటుందా, లేత పచ్చా?"

నాలుగేళ్ళకోసారి కూడా సున్నం వేయని మండలి మా అభిప్రాయం అడుగుతోంది! లేత పచ్చ అన్నాను.

"ఎవరికైనా నచ్చే రంగేనండీ" అంది గడప.

13వ రోజు

సున్నం వేశారు. ఆరేదాకా గోడ నీరు కారదట. అప్ప చంకకర్రతో బిందె మోయలేదు కనక అంచె చివరి కుళాయి నుంచి నేనే మోశాను. విజయానికి కొంచెం బరువు ఉంటుంది.

15వ రోజు

ఈ రోజు మధ్యాహ్నం జరిగింది జరిగినట్టు రాస్తాను.

అన్నం తింటుంటే ఒక కుర్ర జంట వచ్చింది. గడప ఆపకుండా లోపలికి రానిచ్చింది. అతని చేతిలో కొలత టేపు. మండలి తనిఖీ వాళ్ళనుకుని, చెయ్యి కడుక్కోకుండానే లేచి, ముందుగా చెప్పకుండా అద్దెదారు ఇంట్లోకి రావడం ఎంత తప్పో ఏ పేజీలో ఉందో వివరించాను. అతను పాపం తలూపుతూ విన్నాడు. ఆమె మాత్రం నడిమింటి దూలం వైపు చూస్తోంది.

"ఉయ్యాల ఇక్కడ ఏలాడదీయొచ్చు" అంది.

"ఎవరి ఉయ్యాల?" అన్నాను.

"మాదే, వచ్చే నెల్లో." ఆమె సిగ్గుపడింది. "ఏటనుకోకండి, మీరు ఎల్లేది ముప్పయ్యో తారీకు కదా? మజ్జానం ముందా, తరవాతా?"

అప్ప ముద్ద పళ్ళెంలో పెట్టేసింది.

వాళ్ళు వెళ్ళాక గడప ముందు కూర్చున్నాను.

"మేం ఖాళీ చేస్తున్నామని నీకెవరు చెప్పారు?"

"మీరేనండీ. తొమ్మిదో రోజు ఉదయం. ఆ తరవాత ఐదు రోజులు కూడా నొక్కి చెప్పారు. పొరపాటేమోనని అనుకోవడానికి మాకు వీలు లేకుండా చేశారు."

"నేను బయటికి ఎల్తన్నానని చెప్పాను!"

"వెళ్ళేవారు వెళ్ళొస్తామంటారండీ. రానివారు వెళ్తామంటారు. ఇరవై ఒక్క రోజుల గడువు. పదకొండో అధ్యాయం, నాలుగో మాట."

"మరి అనుమానం వస్తే ఆ రోజే అడగొచ్చు కదా, తిరిగొస్తారా అని?"

గడప నొచ్చుకుంది. యంత్రం నొచ్చుకోవడం నేను మొదటిసారి విన్నాను.

"గుమ్మం దాటేవారిని వెనక్కి పిలిచి అడక్కూడదు కదండీ. అపశకునం. పదకొండో అధ్యాయం, మూడో మాట."

16వ రోజు

మండలి కార్యాలయానికి వెళ్ళాను. గుమాస్తా దాలినాయుడు గారు ముక్కు మీదికి కళ్ళజోడు దించి నన్ను చూశారు. ఆయన బల్ల మీద నా కరపత్రం ఉంది. టీ గ్లాసు కింద.

"రాసిందెవరో గాని మంచి తెలుగు. ఒక్క ముక్కతో ముప్పై రెండు ఇళ్ళు ఖాళీ సేయించినాడు. మేం పదేళ్ళలో మూడిళ్ళు ఖాళీ సేయించలేకపోనాం."

"ఇల్లు మా అప్ప పేరు మీదుంది. ఆమె రోజూ ఎల్లొస్తాననే అంటంది కదా?"

"అంటాది. ఆయమ్మ ఉండే మాట సెప్పింది, నువ్వు పోయే మాట సెప్పినావు. ఒకింట్లో రెండు మాటలొస్తే పోయే మాటే చెల్లుద్ది. ఉండే మాట రోజూ అందరూ అంటారు బావూ, దానికి బరువేటుంటాది? పోయే మాట మనిసి ఊరికే అనడు."

"వెనక్కి తీసుకుంటాను. రాసిస్తాను. రెండు ప్రతులు."

"గడువు నడిచేప్పుడు మాట వెనక్కి పోదు. అది తొమ్మిదో పేజీ. నువ్వు సదివే ఉంటావు."

చదివాను. ఎర్ర సిరాతో గీత కూడా గీశాను, అప్పట్లో అది యజమానుల మీదికి పనికొస్తుందని.

"పోనీ పదకొండో అధ్యాయంలో ఇంకేటన్నా దారుందేమో చూడండి."

ఆయన నవ్వారు. "అది మేమెవలమూ సదవలేదు. ఆచారాలు కదా, అందరికీ తెలిసినవే." తరవాత కొంచెం మెత్తబడ్డారు. "ఒక మేలు సేయగలను. మీ పాత ఇల్లు ఇంకా ఎవులికీ ఇవ్వలేదు. తొమ్మిదో అంచె. అది మళ్ళీ మీ పేర రాయించీగలను."

18వ రోజు

ఇళ్ళు పోతున్నాయని ఇంకా ఎవరికీ చెప్పలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ జరిగింది జరిగినట్టు రాస్తానని మొన్ననే రాసుకున్నాను.

దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ దండం పెడుతున్నారు. ఇరవయ్యో ఇంటి సూరప్పడు కుళాయి దగ్గర నా చేతిలో బిందె లాక్కుని తనే మోశాడు. "నీ కాయితం పున్నెమా అని మా ఇంటికి సున్నమేస్తన్నారు తమ్ముడూ! గడప ఏ రంగు కావాలని అడిగిందంటే నమ్ము. ఎప్పుడన్నా అడిగినారా? అసలు నీలాటోడు మండలిలో ఉండాల."

అంచె అంతా లేత పచ్చగా మెరుస్తోంది. ఎవరికైనా నచ్చే రంగు.

19వ రోజు

చెప్పాను. సంఘం షెడ్డులో బల్ల మీద నిలబడి చెప్పాను. కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల మీద నిలబడడం మంచిది కాదని తెలిసింది.

"ఒక్కటో సూచనంట, ఒక్కటో సూచన!" అని సూరప్పడు కరపత్రాన్ని ఉండచేసి నా మీద విసిరాడు. "మా అమ్మ సెప్తానే ఉంది, ఆ మాట అనకురా అని. పొట్టివోడైనా సదువుకున్నోడు సెప్పినాడని అన్నాను."

"నేను పొట్టివాణ్ణి కాదు" అన్నాను. ఆ సమయంలో ఆ మాట ఎందుకన్నానో తెలియదు.

నూకాలు మామ్మ లేచింది. "నానూ మర్నాడు అన్నానర్రా ఎల్తన్నానని, గుంటడు ముచ్చటపడి రాసినాడు కదాని. నా ఇంటికేటి సున్నం రానేదు?"

అందరూ ఆమె పసుపు గడపను గుర్తు తెచ్చుకున్నారు. సమావేశం ముగియకముందే సగంమంది పసుపు కోసం పరిగెత్తారు. ఒక్క రోజులో మూఢత్వం ఇంతలా పెరగడానికి కారణం నేనే అయ్యాను. అదీ ప్రయోజనం లేకుండా. గడప వినాల్సింది వినేసింది కదా.

22వ రోజు

అప్ప తొమ్మిదో అంచె ఇల్లు చూసొద్దాం పదమంది. ఈ వారంలో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే జవాబు చెప్పేవాణ్ణి.

బయల్దేరాం. ఆమె మెట్లు లెక్కపెట్టదు, నేను పెడతాను. నూట ముప్పయ్యో మెట్టు దగ్గర ఆగింది. చంక కింద చీర కొంగు మడిచి పెట్టుకుంది. చంకకర్ర ఒరుసుకునే చోట ఆ మడత ఎప్పుడూ పెట్టుకునేది, ఈ ఇరవై రోజులుగా పెట్టుకోలేదు. నేను ఇప్పుడే గమనించాను. కింద మా అంచె, దాని కింద నీళ్ళు, నీళ్ళలోంచి ఓడరేవు క్రేను మెడ ఒక్కటీ పైకి కనిపిస్తోంది.

"ఆ రోజు నాను ఎల్లొస్తాననే ఎల్లినానురా" అంది అటే చూస్తూ. "నువ్వు గుమ్మంలో ఉన్నావు. అటుకులు తింటన్నావు. ఆ ఇనుము కింద ఉన్నప్పుడు నాకు దేవుడూ గుర్తు రానేదు, ఏటీ గుర్తు రానేదు. గుంటడికి ఎల్లొస్తానని సెప్పినాను కదా అనుకున్నాను. కాలు అక్కడే ఒగ్గీసి వొచ్చినాను."

నేను తరవాతి మెట్టు చూస్తూ నిలబడ్డాను.

"రానోళ్ళు అబద్దం ఆడినారనకు తవిటీ. వాళ్ళకి కుదరలేదు."

రెండు వందల ఐదో మెట్టు దగ్గర దాహమంది. అక్కణ్ణించి వెనక్కి తిరిగాం. పైదాకా వెళ్ళలేదు.

26వ రోజు

అప్ప పని షెడ్డులో కాకుండా ఇంట్లో పెట్టుకుంది. నాలుగు రోజులుగా గుమ్మంలో పీట వేసుకుని నీడగుడ్డ కుడుతూ, గడప చేత పదకొండో అధ్యాయం చదివించుకుంటోంది. నేను వదిలేసిన ఆ అధ్యాయమే. గడపకు ఇంత సంతోషం ఎప్పుడూ కలిగినట్టు లేదు. దాన్ని ఎవరూ ఏనాడూ చదవమని అడగలేదట.

నేను తాళ్ళతో సామాను కడుతుంటే అప్ప సూది ఆపింది. "అది మళ్ళీ సదువు."

"పందొమ్మిదో మాట" అంది గడప. "గడువు నాడు గుమ్మం దాటేవారి ఆఖరి మాటే మాట. వెళ్ళొస్తానని దాటినవారి ఇల్లు, వారు వచ్చేదాకా వారిదే. దాన్ని ఖాళీ ఇల్లు అనరాదు, వేరొకరికి చూపరాదు."

తాడు నా చేతిలోంచి జారింది.

"అంటే ముప్పయ్యో రోజు సామానుతో బయటికెళ్ళి..."

"ఎవులు పోయే మాట సెప్పినారో ఆలే సెప్పాల" అంది అప్ప, దారం పళ్ళతో కొరికి. "నాను సెప్తే చెల్లదు. నువ్వే సెప్పాల. సెప్తావేటి? నీ ఒక్కటో సూచన ఉంది మరి."

నేను బిందె తీసుకుని కుళాయికి వెళ్ళాను. రెండుసార్లు వెళ్ళాను. ఒక బిందెకే అవసరం ఉంది.

30వ రోజు

మధ్యాహ్నం పన్నెండు లోపు దాటాలి. మాదే మొదటి గడువు. మిగతా ముప్పై ఒక్క ఇళ్ళ గడువులు రేపటి నుంచి వరసగా ఉన్నాయి. మాది చెల్లితే వాళ్ళదీ చెల్లుతుంది, లేకపోతే లేదు. అందుకని అంచె మొత్తం పని మానుకుని మా ఇంటి ముందు నీడగుడ్డల కింద నిలబడింది. కొలత టేపు జంట కూడా వచ్చింది, ఒక పక్కగా. దాలినాయుడు గారు కుర్చీ తెప్పించుకున్నారు.

సామాను బయట పెట్టాం. అప్ప ముందు దాటింది. "ఎల్లొస్తాను." ఊఁ.

నా వంతు. చేతిలో పాలగిన్నె ఉంది. నోరు తెరిచాను. ఎన్ని కరపత్రాలు చదివాను, ఎన్ని రాశాను, ఆ నాలుగక్షరాలు మాత్రం పలకలేక పాలగిన్నె చెయ్యి మార్చాను.

"మొహమాటపడకు తమ్ముడూ" అన్నాడు సూరప్పడు. "మమ్మల్ని ముంచినప్పుడు ఇంత ఆలోసించలేదు కదా!"

సరిగ్గా అప్పుడు ఎండిన సున్నం పొడి గాలికి లేచి నూకాలు మామ్మ ముక్కులోకి వెళ్ళింది. ఆమె తుమ్మింది. ఒక్క తుమ్ము. కొండ మారుమోగింది.

"తుమ్ము అయిందండీ" అంది గడప. "కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి బయల్దేరండి. పదకొండో అధ్యాయం, ఎనిమిదో మాట."

"టైము లేదు!" అని అరిచాను.

"అపశకునంలో దాటిన మాట చెల్లదండీ."

పదకొండూ యాభై మూడు. బిందె బయటికి వెళ్ళిపోయింది, గోడ ఇంకా కారడం మొదలుపెట్టలేదు, ఇంట్లో చుక్క నీరు లేదు. సూరప్పడు గబగబా మూట విప్పి గ్లాసు తీశాడు. కొలత టేపు ఆమె తన సంచిలోంచి నీళ్ళసీసా ఇచ్చింది. గుమ్మంలో గొంతుక్కూర్చుని తాగాను. నా జీవితంలో తుమ్ముకు ఆగడం అదే మొదటిసారి. ముప్పై ఇళ్ళవాళ్ళు నేను గుటకలు మింగడం లెక్కపెట్టారు. నూకాలు మామ్మ రెండు చేతులతో ముక్కు పట్టుకుని నిలబడింది, ఇంకోటి వస్తుందేమోనని.

లేచాను. ఎదురుగా అప్ప మూటల మధ్య చంకకర్ర మీద బరువు వేసి నిలబడి ఉంది. గడపను చూడ్డం మానేసి ఆమెను చూశాను.

"ఎల్లొస్తానప్పా" అన్నాను.

అప్ప బయట ఉంది, నేను లోపల్నుంచి తన దగ్గరికే వెళ్తున్నాను. అయినా తలూపింది.

"ఊఁ" అంది గడప.

దాలినాయుడు గారు కుర్చీలోంచి లేచి, కుర్చీ మడిచి, చంకలో పెట్టుకున్నారు. "చెల్లింది" అన్నారు. ఎవరో ఈల వేశారు.

వీధి చివరి టీ బండి దాకా నడిచి, తలా ఒక టీ తాగి, వెనక్కి వచ్చాం. "వచ్చారా? మంచినీళ్ళు తాగండి" అంది గడప. నేను తాగలేదు. అప్పటికే కడుపు నిండా నీళ్ళే.

కొలత టేపు జంట మా అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు, దూలం వైపు మాత్రం ఇంకోసారి చూసింది. నాకు చాలా కష్టంగా అనిపించింది. రేపటి నుంచి వాళ్ళ దరఖాస్తు పని నేను చూస్తాను. రాసిస్తాను, రెండు ప్రతులు. అన్ని అధ్యాయాలూ చదివి.

31వ రోజు

వంటింటి గోడ మళ్ళీ కారుతోంది. ఒకటిన్నర బిందెలు. మిగతా సగం గురించి ఫిర్యాదు రాశాను.

కరపత్రం రెండో ముద్రణ తీశాను. గోడలు, బిందె, ఫొటోలు, తలుపులు, ఫిర్యాదు ప్రతులు, అన్నీ అలాగే ఉంచాను. ఒకటో సూచన మార్చాను: ఒప్పందంలో మీకు చిరాకు పుట్టించే అధ్యాయమేదో చూసి, ముందు దాన్ని చదవండి. ఆచారాల మీద నా అభిప్రాయం మారలేదని అడుగున చిన్న అక్షరాల్లో వేశాను.

ఆ ప్రతులు చంకన పెట్టుకుని పంచడానికి బయల్దేరాను. గుమ్మంలో ఆగాను. నిన్న అన్నది అవసరానికి అన్న మాట. ఈ రోజు అవసరమేమీ లేదు. అబద్ధమూ వద్దు, ప్రమాదమూ వద్దు. ఏ మాటా అనకుండా దాటితే సరిపోతుంది, మౌనానికి ఏ అధ్యాయంలోనూ శిక్ష లేదు. కాలు ఎత్తాను.

వంటింట్లోంచి అప్ప కేక వేసింది. "ఏట్రా, మాటా పలుకూ లేకుండా ఎల్తన్నావు?"

గడప మీద చిన్న వెలుగు మెరిసింది.

"ఆమె అన్నాది, నాను కాదు!" అని అరిచాను.

"ఓలమ్మో, ఎల్తన్నావని అన్నానేటి?" పిండి చేతులతో, కర్ర చప్పుడుతో అప్ప పరిగెత్తుకొచ్చింది. ఇద్దరం గుమ్మానికి చెరో పక్కా నిలబడి, ఒకేసారి, అంచె అంతా వినపడేలా అరిచాం.

"ఎల్లొస్తాడు!"

"ఎల్లొస్తాను!"

గడప చాలాసేపు ఆలోచించింది.

"ఊఁ" అంది.